ఊరి పాటిదిబ్బను మాస్టర్ ప్లాన్‌లోకి ఎక్కించడం ఎలా?

"మా ఊరి బయట నిలువురాళ్లున్నాయి. పక్క చెలకలో వెంచర్ వేస్తున్నారు. పురావస్తు శాఖకు ఉత్తరం రాశాం, ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడేం చేయాలి?"

ఊరి పేరు మారుతుంది గానీ నన్నడిగే ప్రశ్న ఇదే. కొన్నిచోట్ల నిలువురాళ్ల బదులు రాకాసి గుళ్లు (బండలతో కట్టిన ప్రాచీన సమాధులు) ఉంటాయి, కొన్నిచోట్ల పాటిదిబ్బ (పాత ఊరు మట్టిగా మిగిలిన దిబ్బ), ఇంకొన్నిచోట్ల కోట మట్టిగోడ.

లేఅవుటుకు అనుమతి ఇచ్చేది పురావస్తు శాఖ కాదు. ఇచ్చే అధికారి బల్ల మీద ఒక మ్యాపు, కొన్ని సర్వే నెంబర్లు మాత్రమే ఉంటాయి. మీ రాళ్లు ఆ మ్యాపులో లేకపోతే ఆయన లెక్కలో అది ఉత్త చెలక. అందుకే పని ఆ మ్యాపు మీద, అంటే ఏ నేల ఏ వాడకానికో చెప్పే మాస్టర్ ప్లాన్ మీద జరగాలి. అదీ జేసీబీ రాకముందే.

కింద చెప్పిన వరస తెలంగాణకూ ఆంధ్రప్రదేశ్‌కూ పనికొస్తుంది. తేడా ఉన్నచోట విడిగా చెప్పాను. వరస తప్పితే తిరిగి మొదటికి రావాల్సిందే. ఏడాది పైనే పడుతుందని ముందే అనుకుని దిగండి.

1. ఇప్పటికే ఏ రక్షణ ఉందో తేల్చుకోండి

మూడే అవకాశాలు.

కేంద్ర రక్షిత స్థలమైతే 1958 నాటి పురాతన కట్టడాల చట్టం వర్తిస్తుంది. 2010 సవరణ తర్వాత రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల దాకా నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత గుడి గోడ నుంచి కాదు, రక్షిత ప్రాంతపు హద్దు నుంచి. ఈ ఒక్క తేడాతోనే చాలా ఫిర్యాదులు తారుమారవుతాయి.

రాష్ట్ర రక్షిత స్థలమైతే ఆంధ్రప్రదేశ్‌లో 1960 చట్టం, తెలంగాణలో 2017 వారసత్వ చట్టం చూడాలి. కేంద్ర చట్టంలోని 100, 200 మీటర్ల లెక్క వీటికి దానంతటదే అంటుకోదు. తెలంగాణలో అమల్లో ఉన్న 2012 భవన నిర్మాణ నిబంధనలు, అంటే జీవో 168, నోటిఫై అయిన వారసత్వ కట్టడం దగ్గర కట్టాలంటే సంబంధిత అధికారి ముందస్తు అనుమతి కావాలంటాయి. అందులో "నోటిఫై అయిన" అన్న మాటే కీలకం.

ఈ రెండూ కాకపోతే ఏ రక్షణా లేదు. మన ఊళ్లలో ఎక్కువ స్థలాలు ఇవే. ఈ వ్యాసం ముఖ్యంగా వీటికోసమే.

నీలం బోర్డు చూసి నమ్మకండి. గెజిట్ ప్రతి సంపాదించి, అందులో సర్వే నెంబరు, విస్తీర్ణం ఏమున్నాయో చదవండి. విశాఖ దగ్గర తొట్లకొండ విషయంలో ఏళ్ల తరబడి నలిగిన వివాదమే అది: రక్షణ 120 ఎకరాలకా, సర్వే నెంబరు మొత్తానికా? బౌద్ధ క్షేత్రంగా అంత పేరున్న చోటే హద్దు ఇంత గొడవైతే, మన ఊరి దిబ్బ సంగతి ఊహించుకోండి.

2. నేల మీద నడిచి హద్దు గీయండి

కాలం చూసుకుని వెళ్లండి. రాళ్ల వలయాలు, నిలువురాళ్లు ఎండాకాలంలో గడ్డి ఎండాక బాగా కనబడతాయి. పాటిదిబ్బలకు మాత్రం దుక్కి దున్ని, ఒక మంచి వాన పడ్డాక వెళ్లాలి. కుండపెంకులు కడిగి ఆరబెట్టినట్టు పైకి తేలి ఉంటాయి. ఇనుప చిట్టెం రాళ్లు (ఇనుము కరిగించగా మిగిలిన మడ్డి), పూసలు, పాత ఇటుక ముక్కలు కూడా అప్పుడే కంటబడతాయి.

ఊళ్లో పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లి చేల పేర్లు అడగండి. పాటిచేను, కోటచెలక, దేవుని మాన్యం లాంటి పేర్లు ఏ రికార్డులోనూ దొరకని ఆనవాళ్లు. గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో బౌద్ధ స్తూపాల దిబ్బలకు జనం పెట్టుకున్న మొరటు పేర్లు కూడా అలాగే రాసుకోండి, సిగ్గుపడి మార్చకండి.

ఫోన్‌లోని జీపీఎస్ చాలు. మూడు గీతలు వేరువేరుగా గీయండి.

- మొదటి గీత: కంటికి కనబడే కట్టడం, రాళ్లు, దిబ్బ.
- రెండో గీత: పెంకులు, చిట్టెం ఎంతదూరం పరుచుకున్నాయో అంతవరకు.
- మూడో గీత: దాన్ని చుట్టుపక్కల నేలతో కలిపే పరిసరం. చెరువు, కట్ట, పాత బాట, వెనక గుట్ట.

ప్రతి ఫొటోలో కొలబద్ద గానీ, కనీసం ఒక పెన్ను గానీ పెట్టండి. తేదీ, దిక్కు రాసుకోండి.

పెంకులు ఏరి సంచిలో వేసుకురాకండి. తవ్వి చూద్దామన్న ఆలోచన అసలే వద్దు. ఏదైనా విలువైన వస్తువు దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నుంచీ చట్టముంది. అక్షాంశ రేఖాంశాలతో సహా వాట్సాప్ గ్రూపులో పెట్టడం మరో పెద్ద పొరపాటు. గుప్తనిధుల వాళ్లు పురావస్తు శాఖ కన్నా చురుగ్గా చదువుతారు. ఊరి పేరు చెప్పండి, చోటు మాత్రం ఫైల్లోనే ఉండనివ్వండి.

3. హద్దును సర్వే నెంబర్లలోకి దించండి

ఎక్కువమంది జారిపోయేది ఈ మెట్టు మీదే. జీపీఎస్ చుక్కలు అధికారికి భాష కాదు, సర్వే నెంబర్లే భాష.

గ్రామ నక్షా తీసుకోండి. దానితో పాటు ఒక్కో సర్వే నెంబరు కొలతల పటం కావాలి, తెలంగాణలో దాన్ని టిప్పన్ అంటారు, ఆంధ్రలో ఎఫ్ఎంబీ. మీ మూడు గీతలు ఏ సర్వే నెంబరులో, ఏ సబ్‌డివిజన్‌లో పడుతున్నాయో గుర్తించండి. మండల సర్వేయరుతో ఒకసారి సరిచూపించుకుంటే మంచిది.

ఒకసారి మేం సర్వే నెంబరు రాసి సబ్‌డివిజన్ వదిలేశాం. ఆ నెంబరు కింద 40 ఎకరాలున్నాయి, రాళ్లున్నది మూడెకరాల్లో. ఫైలు వెనక్కొచ్చింది. అదొక్కటే కాదు, మిగతా 37 ఎకరాల రైతులూ మా మీద కోపం పెంచుకున్నారు. వాళ్లను సమాధానపరచడానికి పట్టిన కాలంలో ఇంకో రెండు దిబ్బలు కొలవొచ్చు.

తర్వాత భూమి ఎవరిదో చూడండి. ఆంధ్రలో మీభూమి పోర్టల్, అడంగల్, పాత ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు). తెలంగాణలో భూభారతి పోర్టల్, పాత పహాణీలు, సేత్వార్ (పాత సర్వే నాటి భూమి రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ. ఇప్పటి రికార్డులో పట్టా అని ఉన్నది పాతదాంట్లో గుట్ట పోరంబోకో, గైరానో (పశువుల మేత భూమి) అయ్యుండొచ్చు.

ప్రభుత్వ భూమి అయితే తహసీల్దారు ద్వారా అది 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందో లేదో చూసి, లేకపోతే చేర్చమని కలెక్టరుకు దరఖాస్తు పెట్టండి. రిజిస్ట్రేషన్ ఆగితే సగం ప్రమాదం తప్పినట్టే. ఖర్చులేని ఈ పనిని చాలామంది మరిచిపోతారు.

గుట్ట రిజర్వు అడవిలో ఉంటే దారి వేరు. మాస్టర్ ప్లాన్ వెంట తిరక్కుండా అటవీ శాఖ అధికారి డీఎఫ్‌వోను కలిసి, ఆ శాఖ వర్కింగ్ ప్లాన్‌లో నమోదు చేయించాలి.

4. పట్టాదారులతో ముందే మాట్లాడండి

పట్టా భూమి అయితే గ్రామసభకు ముందే రైతు ఇంటికి వెళ్లండి. "సర్కారు భూమి గుంజుకుంటదా?" అన్నదే ఆయన మొదటి భయం. ఆ భయాన్ని అలాగే వదిలేసి సభలో తీర్మానం పెడితే, రాత్రికి రాత్రే రాళ్లు మాయమైన సందర్భాలు నేను విన్నాను.

ఉన్నదున్నట్టు చెప్పండి. మాస్టర్ ప్లాన్‌లో జోన్ మారినంత మాత్రాన పట్టా పోదు, సాగు ఆగదు. పైపై దుక్కి వల్ల పాటిదిబ్బకు కలిగే నష్టం తక్కువ. ముప్పంతా లోతు దుక్కితో, బోరుతో, నీటి కుంటతో, ట్రాక్టర్ల కొద్దీ పాటిమన్ను తోలుకుపోవడంతో. ప్లాట్లుగా అమ్మితే వచ్చే ధర మాత్రం రాకపోవచ్చు. ఆ మాట దాచకండి.

భూమి అప్పటికే వెంచర్‌లోకి వెళ్లిపోతే ఇంకో దారి ఉంది. లేఅవుటులో పార్కుకు, ఖాళీ స్థలానికి కొంత భూమి వదిలి స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ చేయాలి. ఆ ఖాళీ స్థలం రాళ్లున్న చోటే వచ్చేలా ప్లాన్ గీయించండి. రియల్టర్‌కు పోయేదేమీ లేదు, ఎలాగూ వదలాల్సిన భూమే కదా. కానీ "రాళ్లు లేపి పార్కు మూలన అందంగా నిలబెడతాం" అంటే ఒప్పుకోకండి. రాళ్ల వలయానికి అర్థం దాని కింద ఉన్న సమాధితోనే. నిలువురాయికి అర్థం దాని వరసతో, దిక్కుతో.

5. గ్రామసభలో తీర్మానం చేయించండి

"మన చారిత్రక సంపదను కాపాడుకోవాలని తీర్మానించడమైనది" అని రాస్తే ఆ కాగితం పకోడీలకు పనికొస్తుంది. ఏ నెంబర్లలో ఏ పని జరగకూడదో రాయాలి. నమూనా ఇదిగో:

"గ్రామ పరిధిలోని సర్వే నెం. ___, సబ్‌డివిజన్ ___ లో ___ ఎకరాల ___ గుంటల మేర ప్రాచీన అవశేషాలున్నట్టు జతచేసిన మ్యాపు, ఫొటోల ఆధారంగా గ్రామసభ గుర్తించింది. ఈ హద్దుల లోపల లేఅవుటు, క్వారీ, మట్టి తరలింపు, రోడ్డు పనులకు పంచాయతీ నిరభ్యంతర పత్రం ఇవ్వరాదని, ఈ స్థలాన్ని గ్రామ అభివృద్ధి ప్రణాళికలో చేర్చాలని, మాస్టర్ ప్లాన్‌లో వారసత్వ స్థలంగా చూపవలసిందిగా సంబంధిత అభివృద్ధి సంస్థను కోరాలని తీర్మానించడమైనది."

ఆంధ్రలో గుంటల బదులు సెంట్లు రాయండి. ఏటా అక్టోబరు 2 నుంచి పంచాయతీల అభివృద్ధి ప్రణాళికల కసరత్తు మొదలవుతుంది. తీర్మానం ఆ సభల్లో చేయిస్తే కంచె, బోర్డు లాంటి చిన్న పనులకు నిధి అడగడానికి వీలుంటుంది.

6. మాస్టర్ ప్లాన్: ఏ దశలో, ఏమని అడగాలి

ముందు మీ ఊరు ఎవరి ప్లాన్ కిందికి వస్తుందో కనుక్కోండి. అభివృద్ధి సంస్థలు ఒక్కోచోట ఒక్కటి: హైదరాబాద్ చుట్టూ హెచ్‌ఎండీఏ, వరంగల్ దగ్గర కుడా, విశాఖ వైపు వీఎంఆర్‌డీఏ, అమరావతి ప్రాంతంలో సీఆర్‌డీఏ. ఇలాంటి సంస్థల బయట ఉన్న పురపాలికలకు టౌన్ ప్లానింగ్ డైరెక్టరేటు. ఏ ప్లానూ లేని పల్లె అయితే, లేఅవుట్లకు సాంకేతిక అనుమతి ఇచ్చే జిల్లా టౌన్ ప్లానింగ్ అధికారికే మీ ఫైలు ఇచ్చి ముద్ర వేయించుకోండి.

ప్లాన్ తయారీలో మీకు పనికొచ్చే దశలు రెండు. మొదటిది, ప్రస్తుత భూవినియోగ మ్యాపు తయారయ్యే దశ. కన్సల్టెంట్లు శాటిలైట్ చిత్రాలు పెట్టుకుని గీస్తుంటారు. శాటిలైట్‌కు రాకాసి గుళ్లు బండరాళ్లుగా, పాటిదిబ్బ బీడుగా కనబడతాయి. అప్పుడే వెళ్లి చూపిస్తే ఒక్క పూటలో పని అయిపోతుంది. రెండోది ముసాయిదా మీద అభ్యంతరాలు పిలిచే గడువు. ఎక్కువమంది దీనికే వస్తారు. అప్పటికి జోన్ల రంగులు పడిపోయి ఉంటాయి, మార్చాలంటే ఎవరికో నష్టం చెప్పాలి.

అభ్యంతర పత్రంలో ఈ అయిదూ అడగండి:

- స్థలాన్ని మ్యాపు మీద విడి గుర్తుతో చూపడం.
- సర్వే నెంబరు, సబ్‌డివిజన్‌తో అనుబంధ జాబితాలో చేర్చడం. మ్యాపు రంగు చెదిరినా జాబితా నిలుస్తుంది.
- నివాస జోన్ నుంచి తీసి ఖాళీ స్థలం, సాగు లేదా ప్రత్యేక రక్షణ జోన్‌లో పెట్టడం.
- జోనింగ్ నిబంధనల్లో ఒక పేరా చేర్చడం.
- ప్రతిపాదిత రోడ్డు గీత స్థలం మీదుగా పోతుంటే పక్కకు జరపడం. రోడ్ల పొరను విడిగా తెరిచి చూడండి, 100 అడుగుల రోడ్డు మ్యాపు మీద వెంట్రుకలా ఉంటుంది.

నిబంధన పేరా మీరే రాసి ఇవ్వండి. రాసివ్వకపోతే "వారసత్వాన్ని పరిరక్షించాలి" అన్న ఒక్క వాక్యం చేర్చి చేతులు దులుపుకుంటారు.

"వారసత్వ స్థలంగా చూపిన హద్దు లోపల నిర్మాణం, తవ్వకం, చదును చేయడం, మట్టి తరలించడం నిషిద్ధం. హద్దు నుంచి ___ మీటర్ల వరకు భవనాల ఎత్తు ___ మీటర్లు మించరాదు. ఆ పరిధిలో పునాదులు తీసే ముందు వారసత్వ శాఖ రాతపూర్వక అభిప్రాయం తప్పనిసరి."

"చదును చేయడం, మట్టి తరలించడం" అన్న మాటలు వదలకండి. పాటిదిబ్బను చంపేది బిల్డింగ్ కాదు, ట్రాక్టరు. మట్టి తోలుకోవడం నిర్మాణం కాదని తప్పించుకుంటారు.

ఖాళీలో ఎన్ని మీటర్లు రాయాలి? కేంద్ర చట్టంలోని 100, 200ను కాపీ కొట్టకండి. మీ రెండో గీత దాకా పూర్తి నిషేధం, మూడో గీత దాకా ఎత్తు పరిమితి అడగండి. ప్రతి రాయి చుట్టూ 300 మీటర్లు అడిగితే ఊరంతా ఎదురు తిరుగుతుంది, ప్లానరు ఫైలు పక్కన పెడతాడు. తక్కువ అడిగినా కొలిచి అడగండి.

ప్లానింగ్ నిబంధనకు కోర్టులో ఎంత బలముందో హైదరాబాద్‌లోని పాత ప్యాలెస్ ఎర్రమంజిల్ కేసు చూపించింది. హైదరాబాద్‌లో 1981 జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన కింద వారసత్వ భవనాల జాబితా ఉండేది, కొన్ని రాతి గుట్టలు కూడా అందులో చేరాయి. 2015లో ఆ నిబంధనను ప్రభుత్వం తొలగించింది. 2019లో ఎర్రమంజిల్ స్థానంలో కొత్త శాసనసభ భవనం కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది. అదే సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. పట్టణాభివృద్ధి చట్టాన్నీ జోనింగ్ నిబంధనలనూ పట్టించుకోలేదన్నది ఆ తీర్పులో ప్రధానాంశం. జీవో తెచ్చిన రక్షణ జీవోతో పోతుందన్నది నిజమే. ప్లాన్‌లో ఎక్కిన అక్షరాన్ని తుడిచేయడం అంత తేలిక కాదన్నదీ నిజమే.

7. ఒక్క కట్టడం కాదు, నేలంతా ముఖ్యమైనప్పుడు

నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. వాటి వరసలు సూర్యోదయ, సూర్యాస్తమయాలతో కలుస్తాయని పరిశోధకులు చెబుతారు. అంటే అక్కడ కాపాడాల్సింది రాళ్లతో పాటు దిగంతాన్ని కూడా. తూర్పున ఒక సెల్ టవరో, గోదామో లేస్తే రాళ్లు చెక్కుచెదరకపోయినా అసలు సంగతి పోయినట్టే.

రామప్ప గుడి, రామప్ప చెరువు ఒకే కాలపు ఆలోచన. వరంగల్ కోటకు రాతికోట ఎంత ముఖ్యమో, దాని బయటి మట్టికోట కూడా అంతే. మట్టికోట మామూలు కట్టలా కనబడుతుంది కాబట్టి మొరం కోసం కోసేస్తారు, ఇళ్లు కట్టేస్తారు.

ఇలాంటి చోట్ల వారసత్వ నిబంధన ఒక్కటే మోయలేదు. వేరే చట్టాల్లో ఇప్పటికే ఉన్న గీతలను కలుపుకోండి.

చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే గీత, ఉంటుంది. జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ (ఏమీ కట్టకూడని పట్టీ). పాత కట్ట, తూము, వీరగల్లు (వీరుడి స్మారక శిల) చాలాసార్లు ఆ బఫర్‌లోనే పడతాయి. అంటే నీటిపారుదల శాఖ చేత ఎఫ్‌టీఎల్ రాళ్లు పాతిస్తే వాటికీ కాపలా దొరికినట్టే.

మీ స్థలం దగ్గర నాలుగు చోట్ల నిలబడి, నాలుగు దిక్కులా ఫొటోలు తీసి, ఎటువైపు చూపు అడ్డం కాకూడదో మ్యాపు మీద బాణం గుర్తులు వేయండి. ఎత్తు పరిమితికి ఇంతకన్నా మంచి ఆధారం లేదు.

8. క్వారీ ముప్పుకు విడి ఫైలు

గుట్టల మీది స్థలాలకు వెంచర్ కన్నా క్వారీ ప్రమాదం. చిన్నతరహా ఖనిజాలకు జిల్లా సర్వే నివేదిక తయారుచేసి, ముసాయిదాను 21 రోజుల పాటు ప్రజల ముందు పెట్టాలి. ఆ గడువులో మీ సర్వే నెంబర్లు లీజు ప్రాంతాల్లో లేకుండా చూడమని రాతపూర్వకంగా కోరండి. కలెక్టరేట్ వెబ్‌సైటు చూస్తుండాలి, ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు.

9. నోటిఫికేషన్ దరఖాస్తు, దానితో పాటే

మాస్టర్ ప్లాన్ పని సాగుతుండగానే రాష్ట్ర పురావస్తు, వారసత్వ శాఖకు రక్షిత స్థలంగా ప్రకటించమని అదే ఫైలు పంపండి. కేంద్ర రక్షణకైతే ప్రకటించే ఉద్దేశంతో గెజిట్ ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలకు రెండు నెలలు వ్యవధి ఇస్తారు. ఆ మెట్టు దాకా చేరేవి చాలా కొద్ది. దానికోసం మిగతా పనులు ఆపుకుని కూర్చోకండి.

10. ఎక్కడ తప్పుతారు, ఎలా దిద్దుకోవాలి

*పత్రికలో వార్త వేయించి ఆగిపోవడం.* వార్త క్లిప్పింగును ఫైల్లో చివరి పేజీగా పెట్టండి, మొదటి పేజీ సర్వే నెంబర్లదే.

*వయసు గొప్పగా చెప్పడం.* మూడు వేల ఏళ్లో అయిదు వేల ఏళ్లో నిపుణుడు చెప్పాలి. మీరు కనబడింది రాయండి. అతిశయం ఒకటి దొరికితే మిగతా ఫైలునూ నమ్మరు.

*సున్నం, రంగు, సిమెంటు దిమ్మె.* ప్రేమతో చేసే పాడు ఇది. వీరగల్లుకు ఆయిల్ పెయింట్ వేశాక శాసనం చదవడం కష్టం. పసుపు కుంకుమలతో ఆపండి.

*ఒక్క మనిషి మీదే అంతా.* సర్పంచ్ మారితే, ఆ టీచరుకు బదిలీ అయితే ఫైలు చస్తుంది. ముగ్గురి దగ్గర ప్రతులుండాలి.

*భూవినియోగ మార్పు నోటీసులు చూడకపోవడం.* ప్లాన్ వచ్చాక కూడా ఒక్కో సర్వే నెంబరుకు విడిగా జోన్ మార్చే నోటీసులు పేపర్లో, చిన్న అక్షరాల్లో వస్తుంటాయి. అభ్యంతరానికి గడువు తక్కువ. మీ నెంబర్లు ఫోన్‌లో రాసిపెట్టుకుని పోల్చుకోండి.

11. ఇచ్చే ముందు ఫైలు చెక్‌లిస్టు

- ఒక పేజీ సారాంశం: ఎక్కడ, ఏమిటి, ఏం ముప్పు, ఏం కోరుతున్నారు
- సర్వే నెంబర్ల పట్టిక: సబ్‌డివిజన్, విస్తీర్ణం, భూమి వర్గం
- గ్రామ నక్షా మీద మూడు గీతల మ్యాపు
- తేదీ, దిక్కు, కొలబద్దతో ఫొటోలు
- గ్రామసభ తీర్మానం ధ్రువీకృత ప్రతి
- నిపుణుడి అభిప్రాయం, దగ్గరి విశ్వవిద్యాలయం చరిత్ర శాఖ నుంచైనా సరే
- నిబంధన పేరా ముసాయిదా
- అందినట్టు ముద్ర, తేదీ ఉన్న మీ ప్రతి

నెల గడిచినా జవాబు లేకపోతే 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు వేసి, ఫైలు ఎవరి దగ్గరుంది, దాని మీద ఏం రాశారు అని నోట్ ఫైలు ప్రతి అడగండి. 30 రోజుల్లో చెప్పాలి. చెప్పకపోతే మొదటి అప్పీలు.

తుది ప్లాన్ జీవో వచ్చిన రోజే మ్యాపు దింపుకుని ముసాయిదాతో పక్కపక్కన పెట్టి చూడండి. ముసాయిదాలో ఉన్న గుర్తు తుదిదాంట్లో జారిపోవడం, సబ్‌డివిజన్‌లో ఒక అక్షరం మారిపోవడం మామూలే. కనబడితే అదే వారం తప్పొప్పుల సవరణకు రాయండి.